బెళుగుప్పలో పదును

అనంతపురం జిల్లా పటం విప్పి చూస్తే, కళ్యాణదుర్గానికీ ఉరవకొండకూ నడుమ బెళుగుప్ప అనే పేరు చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. మండల కేంద్రమే అయినా, జిల్లా దాటితే ఆ ఊరి పేరు విన్నవారు అరుదు. విన్నవారు కూడా ‘బెలుగుప్ప’ అని లకారంతో పలికి నోటికి సుఖం చేసుకుంటారు. ఊరివాళ్ళు మాత్రం ళకారాన్ని వదలరు. కన్నడసీమ కూతవేటు దూరంలోనే ఉన్నదని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. ఈ ప్రాంతమంతా 1882 దాకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆ ఏడు అనంతపురం వేరు జిల్లా అయింది. జిల్లా మారింది గాని నాలుక మారలేదన్నమాట.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దాకా ఒక బస్సు, అక్కడినుంచి మరొక బస్సు. ఆషాఢమాసం. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఈ సీమ కథ అంతా కళ్ళముందు నడిచిపోతుంది. ఎర్రటి నేల, మధ్య మధ్య ఏనుగులు పడుకున్నట్లు నున్నని గుండ్లు, నీరు లేని వంకలు, కంపచెట్లు, కంబళి భుజాన వేసుకొని మందను తోలుకుపోతున్న గొర్రెల కాపరులు. అన్నిటికీ మించి గాలి! గోదావరి గాలి ఎరిగినవాణ్ణి. అది ఒళ్ళు తాకి పలకరించే గాలి. ఇక్కడిది తోసుకుపోయే గాలి. గుట్టలమీద వరసగా నిలబెట్టిన తెల్లని గాలిమరలు మూడేసి చేతులు తిప్పుతూ కరెంటు పుట్టిస్తున్నాయి. మేఘాన్ని నిలవనివ్వని గాలి దీపాన్నయినా వెలిగిస్తున్నందుకు సంతోషించాలి కాబోలు.

మేఘం ఇక్కడ నిలవకపోవడానికి కారణం ఉంది. నైరుతి ఋతుపవనం పడమటి కనుమలకు తన బరువంతా దింపి, వట్టి చేతులతో ఇటు వస్తుంది. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరాన్నే ముద్దుచేసి, ఇంత లోపలికి రావడానికి బద్ధకిస్తుంది. ఇద్దరు మేనమామలున్న పిల్లకు ఒక్కరూ చీర పెట్టనట్లు! ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మా గోదావరి జిల్లాల్లో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో రాజస్థానంలోని జైసల్మేరు తరువాత అనంతపురాన్ని చెప్పడం వాడుక. ఆ కొద్దిపాటి వాననూ నమ్ముకొని ఇక్కడి రైతు ఎర్రనేలలో వేరుశనగ విత్తుతాడు. ఆ పంటను ఇక్కడ వేరుశనగ అనరు, చెనిక్కాయ అంటారు.

ఇంతదూరం నేను వెళ్ళడానికి కారణం, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు. గోదావరి కాలవగట్టున పుట్టినవాడు. పరీక్షలు రాసి బ్యాంకు ఆఫీసరయ్యాడు. ఇంట్లో పాయసం వండుకున్న మర్నాడే ఉత్తర్వులు వచ్చాయి: ఉద్యోగం బెళుగుప్పలో. తల్లి పటంలో వెతికి, దొరక్క, నన్ను అడిగింది. “శంకరగిరి మాన్యాలు పట్టించారండీ మా వాణ్ణి,” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. అది జరిగి రెండేళ్ళు కావచ్చింది. సెలవుల్లో రమ్మని వాడే రాశాడు.

బస్సు దిగగానే ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. నల్లబడ్డాడు, కాస్త చిక్కాడు. ఊళ్ళోకి తీసుకుపోతూ, “ఇక్కడికి రావడమంటే నాకు పరదేశం పోయినట్లే అయింది మాస్టారూ. ఒక్క పాస్‌పోర్టే అక్కరలేదు,” అన్నాడు నవ్వుతూ.

అన్నాడే గాని, దారిలో నలుగురైదుగురు వాణ్ణి ఆపి మాట్లాడారు. ఒక ముసలాయన నన్ను చూపించి, “యాడినించి వచ్చినారప్పా ఈయప్ప?” అని అడిగాడు. “మా అయ్యవారు తాతా, మా ఊరాయన,” అని వాడు జవాబు చెప్పాడు. రాజమహేంద్రవరంలో పదేళ్ళు ‘మాస్టారు’ అన్న నోరు, నాలుగు అడుగుల్లో ‘అయ్యవారు’ అనడం నేర్చింది. భాష చెప్పుకొని బతికేవాణ్ణి గదా, ఆ మాటే నన్ను మొదట ఆకర్షించింది.

రాత్రి మిద్దెమీద చాపలు వేసుకున్నాం. రాగి సంగటి, ఊరుబిండి తిన్న కడుపు బరువుగా, హాయిగా ఉంది. పరదేశం మాట వచ్చింది గనుక వాడు తన కాలేజీ రోజుల సంగతి ఒకటి చెప్పాడు. రాజమహేంద్రవరంలో వాడు అద్దెకున్న సందులో ఇద్దరు కుర్రవాళ్ళు ఉండేవారట. మండుటెండలోనూ తెల్లచొక్కా, టై. గుండెమీద నల్లని పేరుబిళ్ళ. ఎక్కడికి పోయినా ఇద్దరూ కలిసే పోవాలి. అచ్చుపుస్తకం చదివినట్లు తెలుగు మాట్లాడేవారు. “మోర్మన్ మిషనరీలు మాస్టారూ. నా ఈడువాళ్ళే. వాళ్ళను చూసి అప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఇక్కడికి వచ్చాక తరుచు జ్ఞాపకం వస్తున్నారు.”

ఆ మోర్మన్ల సంగతి మన పాఠకులకు కొంత చెప్పాలి. 1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే ఆయన స్థాపించిన క్రైస్తవ శాఖ అది. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని దాని పూర్తి పేరు. ఇప్పటి ప్రధాన స్థానం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. పద్ధెనిమిదేళ్ళు నిండిన మగపిల్లలు రెండేళ్ళపాటు చదువూ సంపాదనా పక్కన పెట్టి మతసేవకు పోవడం ఆ శాఖలో గొప్ప ఆచారం. ఆడపిల్లలు పోతే పద్ధెనిమిది నెలలు. ఏ దేశం పోవాలో కోరుకునే హక్కు లేదు; పిలుపు ఎక్కడికి వస్తే అక్కడికే. ఖర్చు కూడా చాలామట్టుకు తమదో, తమ ఇంటివారిదో. ఇప్పుడు లోకంలో డెబ్భై వేలకు పైగా యువతీయువకులు ఇలా ఊరుగాని ఊళ్ళో తిరుగుతున్నారు.

వారి దినచర్య వింటే మన పాతకాలపు గురుకులాలు తలపుకొస్తాయి. సాధారణంగా ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. లేవగానే ప్రార్థన, వ్యాయామం, గ్రంథపఠనం. పరభాష నేర్చుకునేవారికి భాషాపాఠం. తరువాత వీధులు, ఇళ్ళు, మనుషులు. ఎక్కువ తలుపులు తెరుచుకోవు. తెరుచుకున్నా వెంటనే మూసుకుంటాయి. ప్రేమా, పెళ్ళిచూపులూ తలపెట్టరాదు. జతగాణ్ణి విడిచి ఒంటరిగా పోరాదు. ఆ జతగాడు గురక పెట్టేవాడైనా, కోపిష్ఠి అయినా సర్దుకోవలసిందే. వారానికి ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికీ, సరుకులు తెచ్చుకోవడానికీ, ఇంటికి ఉత్తరం రాసుకోవడానికీ. 2019 ఫిబ్రవరి దాకా ఇంటివారితో ఫోనులో మాట్లాడే అవకాశం ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కు ఒకసారి, మాతృదినానికి ఒకసారి. ఆ తరువాతనే వారం వారం మాట్లాడుకోనిచ్చారు. పద్ధెనిమిదేళ్ళ కొడుకు గొంతు వినడానికి ఆ తల్లులు ఎలా ఎదురు చూసేవారో మన తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

తెలుగువారికి ఈ శాఖతో సంబంధం కలిసిన తీరు కూడా చిత్రమైనదే. ఎడ్విన్ ధర్మరాజు అనే తెలుగాయన ఉద్యోగరీత్యా పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఉంటూ, భార్య ఎల్సీతోపాటు ఆ శాఖలో చేరాడు. తన దేశానికి మిషనరీలను పంపమని పెద్దలకు రాశాడు. పెద్దలు ఆ దంపతులనే పంపారు! 1978 డిసెంబరులో వారు హైదరాబాదు వచ్చి, సొంత బంధువుల్లోనే ఇరవైఇద్దరికి బాప్తిస్మం ఇప్పించారు. తరువాత ఎల్సీ తండ్రిగారే మోర్మన్ గ్రంథాన్ని తెనిగించే పని చేశారు. 2012లో ఆ సంఘంవారి తొలి భారతీయ ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన మండలం, హైదరాబాదులోనే ఏర్పడింది. పరదేశం పోయినవాడికి స్వదేశమే మిషను కావడం విచిత్రం గదా!

“మతం మాట అటుంచండి మాస్టారూ,” అన్నాడు కుర్రవాడు. “వాళ్ళలో నాకు నచ్చింది ఒకటే. ఊరికి రాకముందే ఆ ఊరి మాట నేర్చుకోవాలనుకున్నారు. నేను మాత్రం మాట నాకు వచ్చుననుకొని వచ్చాను.”

ఎందుకలా అన్నాడో మర్నాడుగాని తెలియలేదు. ఆ రాత్రి మాత్రం నాకు తెలిసిన పాత సంగతులు నేను చెప్పాను. ఈ కరువుసీమకు సముద్రాలు దాటి వచ్చినవారు కొత్త కాదు. పద్ధెనిమిదో శతాబ్ది తొలినాళ్ళలోనే ఫ్రెంచి జెసూట్ పాదరులు ‘కర్ణాటక మిషన్’ పేరుతో పుంగనూరు మొదలుకొని, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ధర్మవరం ప్రాంతం దాకా సంచరించారు. మాంసం మాని, కావిబట్ట కట్టి, మన సన్యాసులవలె బతకడానికి ప్రయత్నించారు. మత ప్రచారమే వారి ఉద్దేశం. అందులో దాపరికం లేదు. కాని ఉద్దేశం ఏదైనా, మాట రానిదే అడుగు పడదని వారు గ్రహించారు. 1732లో భారతదేశానికి వచ్చిన గాస్టన్ లోరాన్ కేర్దూ అనే పాదరీ తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి పదాలతో నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ, లాటిను గ్రీకు భాషలకూ చుట్టరికం ఉన్నదని 1767లో పారిస్ పండితులకు రాసింది ఆయనే. ఆ మాట లోకానికి చాటిన కీర్తి 1786లో ఉపన్యసించిన విలియం జోన్సుకు దక్కింది. కేర్దూ రాసిన ఉత్తరం 1808 దాకా అచ్చు మొగమే చూడలేదు.

తరువాత లండన్ మిషనరీ సొసైటీ వారు. జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుంటూనే సువార్తలను తెనిగించ పూనుకున్నారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు ఇక్కడే కన్నుమూశారు. ఎండ, జ్వరం ఐదేళ్ళకు మించి గడువివ్వలేదు. ఆ 1810లోనే జాన్ హ్యాండ్స్ అనే ఆయన బళ్ళారి చేరి, కన్నడం నేర్చి, బైబిలును కన్నడంలోకి మార్చాడు. ఈ బెళుగుప్ప ప్రాంతం బళ్ళారి ఏలుబడిలో ఉన్న కాలమది.

పరదేశం వారిదాకా ఎందుకు? ఈ సీమకు ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాల సభలో పెట్టినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆంధ్రభాషా చరిత్రము రాసిన ఆ పండితుడు పుట్టింది ఉత్తరాన విశాఖ వైపు. పాఠాలు చెప్పింది అనంతపురం దత్తమండల కళాశాలలో. దత్తమండలం అంటే నిజాం నవాబు కుంఫిణీకి ఇచ్చివేసిన నేల. ఇచ్చివేసినదన్న చిన్నతనాన్ని తుడిచి రాయల పేరు పెట్టాలని తోచింది, బయటినుంచి వచ్చి ఈ నేలను తనదనుకున్న ఆ అధ్యాపకుడికే.

మర్నాడు ఆదివారం. హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. బొరుగులు నానబెట్టి తాళింపు వేసిన ఉగ్గాని తినకుండా ఈ జిల్లా చూశానంటే ఎవరూ నమ్మరు. పక్క బల్లమీద నిన్నటి ముసలాయన టీ తాగుతున్నాడు. వాన సంగతి కదిపాను.

“వాన యాడుంది సామీ! మబ్బు వచ్చె, గాలి వచ్చె, వాన ల్యాకపాయ,” అన్నాడు. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనికి పోయారట. మనవరాలు మాత్రం తన దగ్గర ఉందట. “బడి ఉండాది గదా, బిడ్డను యాడికని తీస్కపోతారు?” జబ్బు చేస్తే ఎక్కడికి పోతారని అడిగాను. “కళ్యాణదుర్గం. ఫాదరు ఆసుపత్రికి,” అన్నాడు.

ఆ ఫాదరు విన్సెంట్ ఫెర్రర్. ఈ జిల్లాలో ఆయన పేరు తెలియని పల్లె లేదు. పరదేశ సేవ గురించి మాట్లాడుతూ అనంతపురం జిల్లాలో ఆయన్ను తలచకపోతే, భద్రాచలం పోయి రాముణ్ణి చూడకుండా వచ్చినట్లే.

ఫెర్రర్ 1920లో స్పెయినులోని బార్సిలోనాలో పుట్టాడు. ఇంకా మీసాలు సరిగా రాని వయసులో అంతర్యుద్ధంలో తుపాకి పట్టవలసి వచ్చింది. ఓడిన పక్షాన ఉన్నందుకు నిర్బంధ శిబిరం చూశాడు. తరువాత జెసూట్ సంఘంలో చేరి, 1952లో యువ మిషనరీగా బొంబాయిలో దిగాడు. మహారాష్ట్రలోని మన్మాడు ప్రాంతంలో పనిచేస్తూ ఆయన చూసింది ఆకలిని. బోధన అటుంచి, బావుల పని మొదలుపెట్టాడు. బావి తవ్వుకునే రైతుకు గోధుమలూ నూనే ఇచ్చి సాయపడ్డాడు. పని తనదే, పొలం తనదే, తిండి మాత్రం ఫాదరు ఇస్తాడు. బీదరైతులు ఆయన చుట్టూ చేరేసరికి పెద్దలకు కంటగింపయింది. మతమార్పిడి అనుమానాలు కూడా తోడయ్యాయి. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు సుమారు ముప్పైవేలమంది రైతులు మన్మాడు నుంచి బొంబాయికి, రమారమి 250 కిలోమీటర్లు, ఆయన కోసం నడిచారు. ప్రధాని ఇందిరాగాంధీ జోక్యంతో, వెళ్ళి మళ్ళీ రావడానికి దారి దొరికింది.

1969లో ఆయన తిరిగి వచ్చినప్పుడు చోటిచ్చింది మన ఆంధ్రప్రదేశ్. వచ్చిన చోటు అనంతపురం. అప్పటికి ఆయన వయసు నలభై తొమ్మిది. మళ్ళీ మొదటినుంచి మొదలు: కొత్త సీమ, కొత్త భాష, పాత కరువు. ఆ ఏడే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పుట్టింది. 1970లో జెసూట్ సంఘం నుంచి బయటికి వచ్చి, ఆయన ఉద్యమాన్ని పత్రికారచయిత్రిగా ఎరిగిన ఆంగ్ల యువతి ఆన్ పెర్రీని పెళ్ళాడాడు. పాదరీ కాకపోయినా జనం నోట ‘ఫాదరు’ అన్న మాట పోలేదు. బావులు, చెరువులు, బడులు, స్త్రీల పేర రాసిన ఇళ్ళు, వికలాంగులకు పాఠశాలలు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులు — నలభై ఏళ్ళ పని. దళితులు, గిరిజనులు, కడుబీదలు ఆ పనికి మొదటి హక్కుదారులు. 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశాడు.

రెండేళ్ళకు వచ్చి పోయేవారు ఒక తీరు, వచ్చి మట్టిలో కలిసేవారు మరొక తీరు. ఇందులో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని తూచడానికి మన దగ్గర తూనిక లేదు. మతం పేరిట వచ్చినవారితో వాదులాటలు నాడూ ఉన్నాయి, నేడూ ఉన్నాయి. అవి ఉండకా మానవు. కాని ఒకటి మాత్రం నిజం. బోధించడానికి వచ్చినవాడు వినడం మొదలుపెట్టిన రోజునే ఆ ఊరు అతనికి తలుపు తీస్తుంది. మన్మాడులో ఫెర్రర్ విన్నమాట ‘నీళ్ళు’.

మా కుర్రవాడు వినవలసిన మాట వేరు. ఉదయం హోటలు నుంచి జీడిపల్లి వైపు మోటారు సైకిలు మీద పోతూ, ఒకచోట ఆపి చూపించాడు. రెండు పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి సాళ్ళు తేలి పచ్చగా ఉంది. రెండోది కంప మొలిచి బీడుపడి ఉంది.

“పోయినేడు ఇదే రోజులు మాస్టారూ. నేను వచ్చి ఏడాది కాలేదు. గురువారం రాత్రి మంచి వాన పడింది. శుక్రవారం సాయంత్రం, నగలు తూచే కంసాలి వెళ్ళిపోయాక, ఈ రైతు బ్యాంకుకు పరుగెత్తుకొచ్చాడు. భార్య కమ్మలు గుడ్డలో మూటకట్టి తెచ్చాడు. ‘పదునైంది సార్. కుదవ పెట్టుకోని దుడ్డియ్యండి. రేపే విత్తనం పడాల’ అన్నాడు. కుదవ అంటే తాకట్టని నాకు తెలుసు. పదునైందంటే ఏమిటో తెలియలేదు. కత్తికి పదును విన్నాను గాని నేలకు పదును వినలేదు. పొద్దుపోయింది, రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం. ‘సోమవారం రండి’ అన్నాను. మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు.”

మా వైపు మెట్టరైతులు ఎరిగిన మాటే అది. కాని కాలవ కింద పుట్టినవాడికి దానితో పని పడదు. విత్తనం మొలవడానికి తగినంత తేమ నేలలో ఉండటమే పదును. ఎర్రనేల నీటిని దాచుకోలేదు. ఇక్కడి గాలి ఉన్నది కాస్తా ఎత్తుకుపోతుంది. రెండు మూడు రోజుల్లో పదును ఆరిపోతుంది. ఆ తరువాత వేసిన విత్తు మట్టిలోనే మాడుతుంది. మళ్ళీ వాన పడేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. ఆ ఏడు ఆ పొలానికి అదను దాటేదాకా మరో వాన పడలేదు.

“సోమవారం ఆయన రాలేదు. నేనూ మరిచిపోయాను. మూడు వారాల తరువాత ఎవరో మాట్లాడుకుంటుంటే అర్థం తెలిసింది. ఆదివారం వెతుక్కుంటూ ఆ ఇంటికి పోయాను. నాలుగు తిడతాడనుకున్నాను. ‘రా సామీ, కూచో, ఎండన పడి వచ్చినావు’ అని మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు మాస్టారూ. తరువాత నెలలో మొగుడూ పెళ్ళామూ బెంగళూరు పోయారు. మీరు ఉదయం మాట్లాడారే తాత, ఆయన కొడుకే అతను.”

నేనేమీ అనలేకపోయాను. కోపంతో చేసిన పని కాదు, లంచానికి ఆశపడి చేసిన పని కాదు. ఒక్క మాట తెలియక ఒక కుటుంబం ఏడాది తిండి పోయింది. నిఘంటువు తీసి చూస్తే ఆ మాట అందులో ఉంటుంది. కాని కమ్మలు మూటకట్టి తెచ్చినవాడు నిఘంటువు చూసేదాకా ఆగడు గదా!

జీడిపల్లి చేరాం. శ్రీశైలం నుంచి కృష్ణనీటిని మెట్టు మెట్టుగా ఎత్తిపోసి తెచ్చే హంద్రీ–నీవా కాలవ మొదటి దశ ఈ జలాశయం దగ్గర ముగుస్తుంది. 2012లో నీరు ఇక్కడికి చేరింది. ఎర్రని గుట్టల నడుమ అంత నీటిని చూస్తే కళ్ళు ఒక్కసారి నమ్మవు. గట్టుమీద ఒక కుటుంబం సద్ది విప్పుకొని, జొన్నరొట్టెలు తింటూ నీటిని చూస్తూ కూర్చుంది. మా వైపు జనం సముద్రాన్ని చూడబోయినట్లు వీళ్ళు చెరువును చూడవస్తారు. కాని ఈ నీరు అందని పొలాలే చుట్టూ ఎక్కువ. అవి ఇంకా ఆకాశం వంకే చూస్తున్నాయి. బోరు వేసి, నీరు పడక, మరో బోరు వేసి అప్పులపాలైనవారి లెక్క మా కుర్రవాడి ఖాతా పుస్తకాల్లో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు వాడి దినచర్య అడిగాను. వానాకాలం వస్తే వాడు ఉదయం ఐదింటికే లేచి మిద్దె ఎక్కుతాడట. రాత్రి వాన పడిందా, పడితే ఎంత తడిసింది అని చూస్తాడట. పడిన రోజు కంసాలికి ముందుగానే కబురు చేసి, బ్యాంకు తెరిచే వేళకు అందరినీ సిద్ధం చేస్తాడట. సాయంత్రాలు హోటలు బల్లమీద కూర్చొని మాటలు వింటాడు. ఆదివారం బట్టలు ఉతుక్కుంటాడు, అమ్మకు ఫోను చేస్తాడు. ఏ మతమూ లేని ఈ మిషనరీకి జతగాడు కూడా లేడు. “మొదట్లో రాత్రిళ్ళు ఏడుపొచ్చేది మాస్టారూ. ఆ తెల్లచొక్కాల కుర్రాళ్ళు తలుపులు మూసినా నవ్వుతూ ఎలా తిరిగేవారో అప్పుడు తెలిసింది,” అన్నాడు.

“మరి బదిలీ?” అన్నాను. వాళ్ళమ్మ అడగమన్న ప్రశ్న అది.

“దరఖాస్తు పెట్టాను. వస్తే పోతాను మాస్టారూ, అబద్ధమెందుకు? అమ్మ ఒక్కర్తే ఉంది. నేను ఫెర్రరు గారిని కాను.” కాసేపు ఊరుకొని అన్నాడు, “అందరూ నలభై ఏళ్ళు ఉండలేరు. ఉన్న రెండేళ్ళయినా ఉండాలి గదా. మొదటి ఏడు నేను ఇక్కడ లేను. ఉద్యోగం ఇక్కడుంది, నేను భీమవరంలో ఉన్నాను.”

పిల్లవాడు పెద్దవాడయ్యాడనిపించింది. మన ఇళ్ళలో పిల్లలు అమెరికా పోతే పండుగ చేస్తాం. అక్కడి భాష, అక్కడి మర్యాద నేర్చుకోమని ఆరునెలల ముందునుంచే తర్ఫీదు ఇప్పిస్తాం. అదే పిల్లవాడికి కరువు జిల్లాలో ఉద్యోగం వస్తే శిక్ష పడిందంటాం. వెళ్ళిన రోజునుంచీ తిరిగివచ్చే రోజు లెక్కపెట్టుకోమంటాం. డాక్టరైనా, పంతులైనా, బ్యాంకు ఉద్యోగి అయినా అలా రోజులు లెక్కపెట్టేవాడి ముందు నిలబడి, తన అవసరం తన మాటలో చెప్పుకొనే మనిషి ఒకడు అక్కడ ఉంటాడు. అతని మాట వినిపించుకునే చెవి మనం పిల్లవాడికి ఇచ్చి పంపామా అన్నదే ప్రశ్న.

బయలుదేరేముందు వాడు నాకొక నోటుపుస్తకం చూపించాడు. ఊళ్ళో విన్న మాటలన్నీ అందులో రాసిపెట్టాడు. రెండు వందలకు పైగానే ఉన్నాయి. మడక అంటే నాగలి. వంక అంటే వాగు. సుగ్గి అంటే కోతల కాలం. పనికి వలసపోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. దుడ్డు అంటే డబ్బు. ఒక్కొక్క మాట పక్కన అది ఎవరినోట, ఎప్పుడు విన్నాడో కూడా ఉంది. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు చేయవలసిన పనిని బ్యాంకు లెక్కల నడుమ ఈ కుర్రవాడు చేశాడు. అచ్చువేయిద్దామా అన్నాను.

“అచ్చుకు కాదు మాస్టారూ. నా తరువాత ఈ కుర్చీలోకి వచ్చేవాడికి ఇచ్చిపోతాను,” అన్నాడు.

మొదటి పుట తిప్పి చూశాను. మొదటి మాట ‘పదును’. దాని ఎదుట అర్థం రాసి, కింద ఎర్రసిరాతో ఇంకొక వాక్యం రాశాడు: “ఈ మాట విన్నరోజు ఎవరినీ సోమవారం రమ్మనరాదు.”